నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి?

మైలవరం పేరు చెబితే పాతతరం వాళ్లకు నాటకాలు గుర్తొస్తాయి. జమీందారు అండతో నడిచిన మైలవరం నాటక సమాజం ఒకప్పుడు ఆంధ్రదేశమంతా పేరు మోసింది. 1998 తర్వాతి వాళ్లకు ఇంజనీరింగ్ కాలేజీ గుర్తొస్తుంది. వేసవి వచ్చిందంటే మాత్రం తరంతో పనిలేదు, అందరికీ గుర్తొచ్చేది మామిడే. మైలవరం, రెడ్డిగూడెం, విస్సన్నపేట, నూజివీడు... ఈ పట్టీలో ఏ దారిన వెళ్లినా తోటలే. బంగినపల్లి, చిన్న రసాలు, పెద్ద రసాలు. కోసిన కాయలో ఎక్కువ భాగం లారీలెక్కి విజయవాడ పక్కనున్న నున్న మార్కెట్‌కు పోతుంది. అక్కడ పలికిందే ధర.

ఆ ధరతో విసిగిపోయిన కుటుంబం ఒకటి ఆ ఊళ్లో ఉంది. నాలుగెకరాల తోట. తండ్రి నీటిపారుదల శాఖలో లస్కరుగా చేసి రిటైరయ్యారు. కొడుకు ఇంజనీరింగ్ చదివి, హైదరాబాద్ కంపెనీ ఒకదానికి ఇంటి నుంచే పనిచేస్తున్నాడు. కూతురు పెళ్లై కూకట్‌పల్లిలో ఉంటోంది. తోట పని ముగ్గురికీ తెలుసు. కానీ తండ్రి చేసిన ఉద్యోగం ఏమిటో కొడుక్కి సరిగ్గా తెలియదు. కొడుకు చేసే ఉద్యోగం ఏమిటో తండ్రికి అసలే తెలియదు. ఊళ్లో ఎవరైనా 'మీవాడు ఏం చేస్తుంటాడు?' అని అడిగితే ఆయన 'కంప్యూటర్లో ఏదో' అని మాట మార్చేసేవారు.

లస్కరంటే కాలువ మీద అందరికంటే కింది ఉద్యోగి. పైఅధికారి చెప్పినంత మేర షట్టర్ ఎత్తాలి, దించాలి. గట్టుకు కన్నం పడితే చూసుకోవాలి. గుర్రపుడెక్క అడ్డం పడితే తీయించాలి. కృష్ణా డెల్టాలో ఈ ఉద్యోగానికి చాలా చరిత్రే ఉంది. 1855 నాటికి విజయవాడ దగ్గర ఆనకట్ట కట్టారు. 1952లో అది తెగింది. దాని స్థానంలో 1957లో 70 గేట్లతో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. అక్కడి నుంచి బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ, ఇంకా అటు గుంటూరు వైపు కాలువలు... అన్నీ కలిసి దాదాపు 13 లక్షల ఎకరాలు. ఇంత వ్యవస్థలోనూ చివరి తూము దగ్గర నిలబడేది ఒక్క లస్కరే. నీళ్లొచ్చిన రోజు అతణ్ని ఎవరూ తలచుకోరు. రాని రోజు అర్ధరాత్రయినా వచ్చి తలుపు కొడతారు.

మబ్బులో కాదు, భవనంలో

కొడుకు తన చదువును తోటకు వాడదామనుకున్నాడు. మార్కెట్‌తో పనిలేకుండా నేరుగా ఇళ్లకే పెట్టెలు పంపేలా 2024 వేసవిలో ఒక చిన్న వెబ్‌సైట్ తయారుచేశాడు. రకం ఎంచుకోవాలి, చిరునామా రాయాలి, డబ్బు కట్టాలి. మూడో రోజుకు పెట్టె ఇంటికొస్తుంది. ఆ ఏడు చుట్టాలూ, చుట్టాల చుట్టాలూ తెప్పించుకున్నారు. కాయ అయిపోయాక ఆ పేజీలో 'ఈ ఏటికి కాపు అయిపోయింది, వచ్చే వేసవిలో కలుద్దాం' అని రెండు ముక్కలు రాసి వదిలేశాడు.

ఆ వెబ్‌సైట్ ఉన్నది 'క్లౌడ్'లో. పేరు మబ్బే గానీ అది ఆకాశంలో ఉండదు. పెద్ద పెద్ద భవనాల్లో, రాత్రీపగలూ ఏసీల మధ్య, వరసగా పేర్చిన కంప్యూటర్లే క్లౌడ్. వాటిలో కాస్త భాగాన్ని గంటల లెక్కన అద్దెకిస్తారు. అమెజాన్ 2006లో ఇలా కంప్యూటర్లను అద్దెకివ్వడం మొదలుపెట్టింది. 2016లో ముంబయిలో, 2022 నవంబరులో హైదరాబాద్‌లో ఇలాంటి కేంద్రాలు తెరిచింది. ఇప్పుడు ఈ వ్యాపారంలో చాలా కంపెనీలే ఉన్నాయి. మనిషి మైలవరంలో కూర్చుని, ఎక్కడో ఉన్న అద్దె కంప్యూటర్‌ను తన గదిలో ఉన్నట్టే నడపొచ్చు.

2025 వేసవిలో కాయ బాగా నిలిచింది. పాత కంప్యూటర్ చాలదని కొడుకు ఇంకో పెద్దది అద్దెకు తీసుకున్నాడు. కొత్త పేజీ తయారుచేశాడు. మే నెలలో ఒక శుక్రవారం కోత. కాయను గడ్డిలో మాగేశారు. నాలుగైదు రోజుల్లో పండుతుంది. కార్బైడ్ వాడరు కాబట్టి ఆ పండుకు అంతకుమించి ఓపిక ఉండదు. శనివారం పొద్దున పదింటికి పాత ఖాతాదారులందరికీ సందేశం వెళ్లింది... 'కాయ వచ్చేసింది, ఆర్డర్ పెట్టండి' అని.

పదిన్నరకల్లా ఫోన్లు మొదలయ్యాయి. ఆర్డర్ల కోసం కాదు.

'తెరుచుకోవడం లేదండీ, తిరుగుతూనే ఉంది' అని ఒకరు. 'అరగంట నుంచీ చూస్తున్నాం బాబూ' అని మరొకరు. గుంటూరు నుంచి ఒకావిడ మాత్రం 'కాపు అయిపోయిందటగా, మరి మెసేజ్ ఎందుకు పెట్టారు?' అని నిష్ఠూరమాడింది. ఆమె ఏదో పాత పేజీ చూస్తోందనుకుని కొడుకు పట్టించుకోలేదు.

మధ్యాహ్నమంతా ఇదే వరస

ముందు తన అద్దె కంప్యూటర్లోకి వెళ్లి, అందులోంచే పేజీ తెరిచాడు. చక్కగా వచ్చింది. బయటి నుంచి చూస్తే లేదు. తర్వాత 'పింగ్' కొట్టాడు. పింగ్ అంటే దూరాన ఉన్న కంప్యూటర్‌ను 'ఉన్నావా?' అని పిలిచి చూసే చిన్న ప్రోగ్రామ్. 1983 డిసెంబరులో మైక్ మూస్ అనే అమెరికన్ రాశాడు. సముద్రంలో జలాంతర్గాములు ధ్వని తరంగాలను పంపి, ప్రతిధ్వని వినే పద్ధతే దానికి ప్రేరణ. ఇప్పటికీ ప్రపంచమంతా వాడుతోంది. ఆ రోజు పింగ్‌కు జవాబు రాలేదు. 'అయితే కంప్యూటరే పడుకుంది' అనుకున్నాడు. నిజానికి ఆ క్షణాన అతను అదే కంప్యూటర్లో కూర్చుని పనిచేస్తున్నాడు! చాలాచోట్ల భద్రత కోసం పింగ్‌కు జవాబివ్వకుండా కట్టడి చేస్తారు. జవాబు రాలేదంటే కంప్యూటర్ చనిపోయిందని కాదు.

ఆ కంప్యూటర్ నుంచి ఇంటర్నెట్‌లోకి వెళ్లి కొత్త సాఫ్ట్‌వేర్ దింపుకోవడమూ కుదురుతోంది. దాంతో 'నెట్ బాగానే ఉంది' అనే భ్రమ బలపడింది. కంప్యూటర్‌ను ఆపి మళ్లీ వేశాడు. వెబ్ సర్వర్ ప్రోగ్రామ్ తీసేసి మళ్లీ ఎక్కించాడు. సర్టిఫికెట్ మార్చాడు. కంప్యూటర్ లోపలుండే ఫైర్‌వాల్‌ను పూర్తిగా ఆపేశాడు. బెంగళూరులో ఉన్న స్నేహితుడు 'నేను చూస్తా, నన్ను లోపలికి రానియ్' అంటే, రిపేరు కోసం వాడే దారిని అతనికోసం తెరిచాడు. ఎక్కడి నుంచి ఎవరొచ్చినా రావచ్చు అన్నంత బారుగా తెరిచాడు. స్నేహితుడూ గంటసేపు తలబద్దలు కొట్టుకుని, సాయంత్రం సినిమాకు టైమైందని వెళ్లిపోయాడు.

వరండాలో తండ్రి కూర్చుని కాయను తిరగేస్తున్నారు. తల్లి మెత్తబడ్డ కాయను వేరు చేస్తోంది. చీకటిపడే వేళకు ఆ కుప్ప కాస్త పెరిగింది. లోపల కొడుకు గొంతు కూడా పెరిగింది.

'ఏంట్రా, నీళ్లు రావట్లేదా?' అన్నారు తండ్రి, వాతావరణం తేలిక చేద్దామని.

'నీళ్లు కాదు నాన్నా, మనుషులు. బయటివాళ్లు లోపలికి రాలేకపోతున్నారు.'

'ఎక్కడిదాకా వస్తున్నారు?'

ఎనిమిది గంటలుగా తిప్పలు పడుతున్న కొడుకు దగ్గర ఆ ప్రశ్నకు జవాబు లేదు.

మధ్య తూము దగ్గర

తండ్రి తన పద్ధతి చెప్పారు. శివారు రైతు వచ్చి నీళ్లు లేవంటే ఆయన బ్యారేజీ దాకా పరిగెత్తేవారు కాదు. అలాగని ఆ రైతు పొలంలోనూ కూర్చునేవారు కాదు. సైకిలెక్కి సరిగ్గా సగం దూరంలో ఉన్న తూము దగ్గరికి వెళ్లేవారు. అక్కడ నీళ్లుంటే పైనంతా బాగున్నట్టు, ఇక కిందే వెతకాలి. లేకపోతే కింద వెతకడం దండగ, పైకి పోవాలి. మిగిలిన సగంలో మళ్లీ సగం. అలా రెండు మూడు మజిలీల్లో దొంగ తూము దొరికిపోతుంది. గోడ మీద తడి గుర్తు చూస్తే నీళ్లు ఎప్పటిదాకా వచ్చి ఆగాయో కూడా తెలుస్తుంది.

'నీ కాలువ ఎక్కణ్నుంచి ఎక్కడిదాకారా?' అని అడిగారు. కొడుకు ఒక కాగితం తీసి గీశాడు. ఖాతాదారు ఫోన్లో వెబ్‌సైట్ పేరు కొడతాడు. ఆ పేరును అంకెల చిరునామాగా మార్చి చెప్పే డైరెక్టరీ ఒకటుంది, అదే డీఎన్‌ఎస్. చిరునామా దొరికాక దారి వెంట క్లౌడ్ కంపెనీ దాకా రావాలి. అక్కడ కంపెనీవాళ్ల బయటి గేటు. దాటితే కంప్యూటర్ గుమ్మం, దాని సొంత ఫైర్‌వాల్. లోపల గదులు, అంటే పోర్టులు. వాటికి 65,535 దాకా అంకెలున్నాయి. మామూలు వెబ్ పేజీలకు 80, తాళం గుర్తున్న సురక్షిత పేజీలకు 443, రిపేరు చేసేవాళ్ల దారికి 22. చివరగా, ఆ గదిలో కూర్చుని వచ్చినవాళ్లకు జవాబు చెప్పే ప్రోగ్రామ్.

తండ్రి వేళ్లు మడిచి లెక్కపెట్టారు. 'ఆరు తూములు. నువ్వు పొద్దుట్నుంచీ ఆఖరి తూము దగ్గరే కూర్చున్నావు.'

మధ్య తూము అంటే కంప్యూటర్ గుమ్మం. అక్కడ కూర్చుని వచ్చేపోయే సమాచారాన్ని చూసే పనిముట్టు ఒకటుంది... టీసీపీడంప్. 1988లో కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో పుట్టింది. ఏదీ ఆపదు, ఏదీ మార్చదు, కేవలం చూసి చెబుతుంది. కొడుకు దాన్ని నడిపి, కూకట్‌పల్లిలో ఉన్న అక్కకు ఫోన్ చేశాడు. ఆమె ఇంటి వైఫై మీద పేజీ తెరవబోయింది. మైలవరంలో స్క్రీన్ ఖాళీ. ఒక్క గీత కూడా కదల్లేదు. అంటే జనం గుమ్మం దాకా రావడమే లేదు. గుమ్మం లోపల ఎనిమిది గంటలు చేసిందంతా వృథా పనే!

ఇక పైకి వెతకాలి. డైరెక్టరీలో పేరుకు ఎదురుగా కొత్త చిరునామా ఉంది. బాగుంది. తర్వాతది బయటి గేటు. క్లౌడ్ కంపెనీలు కొత్త కంప్యూటర్ ఇచ్చేటప్పుడు సాధారణంగా ఈ గేటును ఒకవైపే తెరిచి ఇస్తాయి. లోపలి నుంచి బయటకు ఎవరైనా పోవచ్చు. బయటి నుంచి లోపలికి మాత్రం మనం జాబితాలో రాసినవాళ్లకే ప్రవేశం. మంచి అలవాటే అది. సాఫ్ట్‌వేర్ దింపుకోవడం కుదిరిందీ, ఖాతాదారులు రాలేకపోయిందీ అందుకే. కొడుకు జాబితా తెరిచి చూస్తే అందులో 22 ఒక్కటే ఉంది. 80 లేదు, 443 లేదు. స్నేహితుడి కోసం మధ్యాహ్నం అదే జాబితా తెరిచాడు కూడా. అప్పుడు ఉన్నదాన్ని చూశాడు గానీ, లేనిదాన్ని చూడలేదు.

రెండూ చేర్చి అక్కకు మళ్లీ ఫోన్ చేశాడు.

'ఇంకా రాలేదురా తమ్ముడూ. ఇందాక తిరిగి తిరిగి ఆగేది. ఇప్పుడు నొక్కీ నొక్కగానే రాదు పొమ్మంటోంది.'

కొడుకు నీరసంగా కుర్చీలో వెనక్కి వాలాడు. తండ్రి మాత్రం కాయ తిప్పడం ఆపి, 'మాట మారిందంటే నీళ్లు ఇంకో తూము దాటినట్టే కదరా' అన్నారు.

అదే అసలు కిటుకు. వెబ్‌సైట్ రాకపోవడంలో రకాలున్నాయి. చాలాసేపు తిరిగి ఆగిపోతే, దారిలో ఎవరో మన మాటను చడీచప్పుడు లేకుండా పారేస్తున్నారని అర్థం. గేటు దగ్గర కాపలావాడు అవుననడు, కాదనడు. వెంటనే 'కుదరదు' అని జవాబొస్తే సాధారణంగా మన మాట గుమ్మం దాకా చేరిందనీ, ఆ గదిలో పలికేవాళ్లే లేరనీ అర్థం. ఖాతాదారుకు రెండూ ఒకటే... పేజీ రాలేదు. బాగుచేసేవాడికి మాత్రం రెండింటికీ మధ్య ఒక ఊరంత తేడా. టీసీపీడంప్ తెరమీద ఇప్పుడు గీతలు కదులుతున్నాయి. హైదరాబాద్ నుంచి పిలుపు వస్తోంది, లోపలి నుంచి 'వద్దు' అనే జవాబు పోతోంది.

ఇప్పుడు వెతకాల్సింది కిందనే. వెబ్ సర్వర్ ప్రోగ్రామ్ ఏ చిరునామా మీద చెవి పెట్టుకుని కూర్చుందో చూశాడు. 127.0.0.1 అని కనిపించింది. ప్రతి కంప్యూటర్ తనను తాను పిలుచుకునే చిరునామా అది. పేజీ తయారుచేస్తున్న రోజుల్లో, బయటివాళ్లు చూడకూడదని అతనే అలా పెట్టుకున్నాడు. ఇంట్లోవాళ్లు పిలిస్తే పలుకుతుంది, వీధిలోంచి పిలిస్తే వినపడదు. లోపలి నుంచి చూసిన ప్రతిసారీ పేజీ చక్కగా రావడానికి కారణం అదే. ఒక్క వాక్యం మార్చి ప్రోగ్రామ్‌ను మళ్లీ నడిపాడు.

'వచ్చిందిరా! మామిడికాయ బొమ్మ కూడా వచ్చింది' అంది అక్క. టైము తొమ్మిదిన్నర.

ఆ గుంటూరు ఆవిడ సంగతి?

తల్లి అన్నానికి లేవమంది. తండ్రి లేవలేదు.

'మరి పొద్దున కాపు అయిపోయిందటగా అన్నావిడ సంగతేంట్రా?'

'పాత పేజీ ఆవిడ ఫోన్లోనే ఉండిపోయుంటుంది నాన్నా. అదే పోతుంది.'

'ఒక రైతు నీళ్లు రావట్లేదన్నాడు. ఇంకో రైతు మురుగు నీళ్లొస్తున్నాయన్నాడు. రెండూ ఒక తూము తంటా ఎలా అవుతాయి?'

కొడుకు అక్కను వైఫై ఆపి, సిమ్ మీద చూడమన్నాడు. ఆమె చూసి, 'ఈ ఏటికి కాపు అయిపోయిందట' అని చదివింది. అదే ఫోను, అదే పేరు. వైఫై మీద కొత్త దుకాణం, సిమ్ మీద పాత దుకాణం!

దీనికి కారణం చిరునామాల కరవు. ఇంటర్నెట్‌లో పాత పద్ధతి చిరునామాలు, అంటే ఐపీవీ4, మొత్తం 430 కోట్లకు మించవు. ప్రపంచమంతటికీ పంచే ఉమ్మడి ఖాతాలో అవి 2011 ఫిబ్రవరిలోనే అయిపోయాయి. అందుకే ఎప్పటికీ తరగనన్ని చిరునామాలతో ఐపీవీ6 అనే కొత్త పద్ధతి తెచ్చారు. మన దేశంలో మొబైల్ ఫోన్లలో దాని వాడకం చాలా ఎక్కువ. డైరెక్టరీలో ఒక వెబ్‌సైట్ పేరుకు ఎదురుగా రెండు గళ్లుంటాయి. ఒకదాంట్లో పాత పద్ధతి చిరునామా, రెండోదాంట్లో కొత్త పద్ధతి చిరునామా. కొడుకు మొదటి గడి మార్చాడు, రెండో గడి మరిచాడు. కొత్త పద్ధతిలో వెళ్లే ఫోన్లన్నీ నిరుటి కంప్యూటర్ గుమ్మం తొక్కి, కాపు అయిపోయిందన్న మాట చదివి వెనక్కి వెళ్తున్నాయి. ఏదో తప్పు జరిగిందన్న అనుమానం కూడా వాళ్లకు రాదు. తిరుగుతూ ఆగిపోయిన వాళ్లు ఫోనైనా చేశారు. వీళ్లలో ఆ గుంటూరు ఆవిడ తప్ప ఎవరూ చేయలేదు. మర్యాదగా 'సరే, వచ్చే ఏడు చూద్దాం' అనుకున్నారంతే.

రెండో గడి సరిదిద్దాడు. అయితే డైరెక్టరీలో మార్పు అప్పటికప్పుడు అందరికీ తెలియదు. ఫోన్ కంపెనీలు పాత చిరునామాను కొంతసేపు గుర్తుపెట్టుకుంటాయి. ఎంతసేపన్నది మనమే ముందుగా రాసి ఉంచుతాం. అతను రాసింది గంట. ఆ గంటా ఊరుకోకుండా, పాత కంప్యూటర్లోకి వెళ్లి కాపు అయిపోయిందన్న వాక్యం తీసేశాడు. 'కాయలున్నాయి, గంట ఆగి చూడండి, లేదా ఫోన్ చేయండి' అని రాశాడు. తర్వాత పొద్దున గుంటూరు నుంచి వచ్చిన నంబరుకు తనే ఫోన్ చేసి క్షమాపణ చెప్పాడు. ఆమె రెండు పెట్టెల రసాలు చెప్పింది.

తెరిచిన తలుపులు

అన్నం తింటూ తండ్రి ఇంకో మాట అడిగారు. 'కంగారులో పొద్దుట్నుంచీ ఎన్ని తూములెత్తావు? అన్నీ దించావా?'

ఆ ఇంట్లో ఈ మాటకు బరువుంది. మైలవరం ప్రాంతపు కొండల్లో పుట్టే బుడమేరు 2024 సెప్టెంబరులో గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచేసినప్పుడు, వీళ్ల చుట్టాలు కొందరు మేడల మీద రోజులు గడిపారు. నీళ్లు రాకపోతే పంట పోతుంది, హద్దు దాటి వస్తే ఇల్లే పోతుందన్నది లస్కరు చదువులో మొదటి పాఠం.

కొడుకు చెయ్యి కడుక్కుని వచ్చి చూశాడు. రెండు తలుపులు బార్లా ఉన్నాయి. లోపలి ఫైర్‌వాల్ ఆపేసే ఉంది. స్నేహితుడి కోసం తెరిచిన 22 నంబరు దారి లోకమంతటికీ తెరిచే ఉంది. ఆ దారిలో ఎవరెవరు వచ్చారో రాసుకునే చిట్టా తీశాడు. తండ్రి భాషలో చెప్పాలంటే గోడ మీద తడి గుర్తులు. ఊరూపేరూ తెలియని చిరునామాల నుంచి 'రూట్', 'అడ్మిన్' అనే పేర్లతో, ఊహించిన పాస్‌వర్డులతో, వరసపెట్టి తలుపు తట్టిన గుర్తులున్నాయి. అందులో అతని మీద పగబట్టినవాళ్లు ఎవరూ లేరు. తెరిచిన తలుపు కోసం ఇంటర్నెట్ అంతా రాత్రీపగలూ గాలించే యంత్రాలవి. కొత్త కంప్యూటర్ అలా దొరికితే వాటి కంట పడటానికి ఎంతోసేపు పట్టదు. పాస్‌వర్డుకు బదులు డిజిటల్ తాళంచెవి వాడే అలవాటుండబట్టి ఎవరూ లోపలికి రాలేకపోయారు.

అందరూ అలా బయటపడలేదు. 2017 జనవరిలో మాంగోడీబీ అనే డేటాబేస్‌ను తాళం లేకుండా తెరిచి ఉంచిన వేల సర్వర్లలోకి దుండగులు చొరబడ్డారు. ఉన్న సమాచారం చెరిపేసి, తిరిగి కావాలంటే డబ్బు కట్టమని చీటీలు పెట్టిపోయారు. మైలవరం కుర్రాడి కంప్యూటర్లో ఉన్నది పెద్ద రహస్యాలేమీ కాదు. నమ్మి ఇచ్చిన కొన్ని వందల ఇళ్ల చిరునామాలూ ఫోన్ నంబర్లూ ఉన్నాయి. అందులో ఒంటరిగా ఉండే పెద్దవాళ్లవీ ఉన్నాయి. 22ను తన ఇంటి చిరునామాకే పరిమితం చేసి, లోపలి ఫైర్‌వాల్‌ను మళ్లీ నడిపి, 80, 443 తప్ప మిగతావన్నీ మూశాకే అతను నిద్రపోయాడు.

ఇలాంటి చిక్కు చిన్నవాళ్లకే వస్తుందనుకుంటే పొరపాటు. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ ప్రపంచమంతా దాదాపు ఆరు గంటలు మూగబోయాయి. వాళ్ల సర్వర్లు చెడిపోలేదు. నిర్వహణలో జరిగిన పొరపాటు వల్ల, తమ దగ్గరికి దారి ఏదో లోకానికి చెప్పడం ఆగిపోయింది. సొంత ఇంజనీర్లే దూరం నుంచి లోపలికి పోలేక, భవనాలకు మనుషులను పంపి సరిచేయాల్సొచ్చింది. అంత పెద్ద సంస్థకైనా, నాలుగెకరాల తోటకైనా వెతికే పద్ధతి ఒకటే. ఎవరు ఎక్కడిదాకా రాగలుగుతున్నారు, ఎక్కడ ఆగిపోతున్నారు అన్నది ముందు తేల్చుకోవాలి. ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. చేశాక ఫిర్యాదు తీరిందా లేదా అన్నదే కాదు, మారిందా లేదా అన్నదీ అడగాలి.

ఆదివారం నుంచి ఆర్డర్లు వచ్చాయి. పోయిన ఒక్కరోజూ తిరిగి రాలేదు. బాగా మెత్తబడ్డ కాయను తల్లి తాండ్ర పోసింది, ఇంకొంత వీధిలో పంచింది. మిగతా పెట్టెలు సోమ, మంగళవారాల్లో బయల్దేరాయి. జూన్‌లో కాపు ముగిశాక కొడుకు చేసిన మొదటి పని నిరుటి కంప్యూటర్‌కు అద్దె ఆపేయడం. రెండోది, ఆరు తూముల కాగితాన్ని శుభ్రంగా తిరగరాయడం. ఏ తూము దగ్గర ఏం చూడాలి, ఏం కనిపిస్తే పైకి పోవాలి, ఏం కనిపిస్తే కిందికి పోవాలి, చివర్లో ఏవేవి మూయాలి... అన్నీ అందులో ఉన్నాయి. అది ఇప్పుడు అతని కంపెనీలో కొత్తగా చేరిన పిల్లలకు కూడా పనికొస్తోంది. దాని మీద లాకులు, షట్టర్లు అనే మాటలు ఎందుకున్నాయని వాళ్లు అడుగుతుంటారు.

కొడుకు కూడా ఇప్పుడు కొన్ని అడుగుతున్నాడు. వంతులవారీ నీళ్లప్పుడు గొడవలెలా తీర్చేవారు, రాత్రిళ్లు గట్టు మీద ఒక్కరే ఎలా తిరిగేవారు, ఎవరైనా కొట్టడానికి వచ్చారా అని. ముప్ఫై ఏళ్లు చేసిన ఉద్యోగం గురించి ఇంట్లో ఒకరు అడగడం ఆ తండ్రికి అదే మొదలు. మొన్నామధ్య టీ కొట్టు దగ్గర పాత మిత్రుడొకాయన మామూలుగానే 'మీవాడు ఏం చేస్తుంటాడు?' అన్నాడు. ఈసారి ఆయన మాట మార్చలేదు.

'మావాడూ లస్కరే' అన్నారు.